మనల్ని పార్టీ చేయని కేసులో సీనియారిటీ పోతే: అప్పీలుకు లీవ్ అడగడం గురించి

మాస్టారూ, నమస్కారం.

మీరు రాసిన విషయం ఇది. మీరు కందుకూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్. వేరే జిల్లా నుంచి సొంత కోరిక మీద బదిలీ అయి వచ్చిన కొందరు టీచర్లు హైకోర్టులో రిట్ వేసి, పాత జిల్లాలో ఉద్యోగంలో చేరిన తేదీ నుంచే తమ సీనియారిటీ లెక్కకట్టాలని ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఆ కేసులో ప్రభుత్వ అధికారులు తప్ప ఇంకెవరూ ప్రతివాదులు కారు. ఇప్పుడు హెడ్మాస్టర్ ప్రమోషన్ల కోసం వేసిన తాత్కాలిక జాబితాలో 38వ నంబర్లో ఉండాల్సిన మీరు 97కి వెళ్ళిపోయారు. తీర్పు వచ్చి మూడు నెలలు దాటింది, మీకు తెలిసింది మాత్రం జాబితా చూశాకే. ‘నా పేరే లేని కేసులో నేను అప్పీలు వేయొచ్చా?’ అని అడిగారు.

వేయొచ్చు. అయితే అప్పీలు కంటే ముందు, అప్పీలు వేసుకోవడానికి అనుమతి అడగాలి. దాన్నే హైకోర్టులో లీవ్ పిటిషన్ అంటారు. నేను లాయర్ని కాను. ప్రకాశం జిల్లాలో ఒక ఆఫీసులో కోర్టు కేసుల సెక్షన్ ఏళ్ళ తరబడి చూసి రిటైరయ్యాను. పారావైజ్ రిమార్కులు (పిటిషన్లోని ఒక్కో పేరాకు శాఖ తరఫు జవాబులు) రాయడం, జీపీ (ప్రభుత్వ ప్లీడరు) ఆఫీసు చుట్టూ ఫైళ్ళతో తిరగడం నా పని. సర్కారు వైపు కూర్చుని ఇలాంటి పిటిషన్లు ఏవి నిలబడ్డాయో, ఏవి మొదటి వాయిదాలోనే పోయాయో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు తీర్పు కాపీ చదవండి. ఎవరో చెప్పింది విని కాదు, మీరే చదవండి. హైకోర్టు వెబ్‌సైట్‌లో రిట్ నంబరు కొడితే ఉత్తర్వు దొరుకుతుంది. చివరి పేరా చూడండి. అందులో ‘పిటిషనర్లు ఇచ్చిన రిప్రజెంటేషన్‌ను నిబంధనల ప్రకారం పరిశీలించి, ఇన్ని వారాల్లో తగిన ఉత్తర్వులు ఇవ్వండి’ అని మాత్రమే ఉంటే, మీరు ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్ళడం దండగ. ఆ తీర్పు మీ నంబరు మార్చలేదు, మార్చింది శాఖ. బెంచి కూడా అదే అంటుంది: ‘పరిశీలించమన్నాం, ఇవ్వమనలేదుగా, శాఖ ఇచ్చిన ఉత్తర్వు మీద వెళ్ళండి’ అని. అప్పుడు మీరు చేయాల్సింది తాత్కాలిక జాబితా మీద అభ్యంతరం ఇచ్చి, వాళ్ళు దాన్ని తోసిపుచ్చితే ఆ ఉత్తర్వు మీద కొత్త రిట్ వేయడం.

అలా కాకుండా ‘పిటిషనర్ల సీనియారిటీని మొదటి నియామకం తేదీ నుంచి లెక్కించి జాబితా సవరించాలి’ అని నేరుగా ఆదేశం ఉంటే, అది మిమ్మల్ని కట్టేసే తీర్పు. శాఖకు వేరే దారి లేదు, మీ అభ్యంతరం ఎంత బలంగా రాసినా ‘కోర్టు ఆదేశం ఉంది’ అని ఒక్క వాక్యంతో తిప్పి పంపుతారు. మీరు రాసిన దాన్ని బట్టి మీది ఈ రకమే అనిపిస్తోంది.

మూడో రకం మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు ఇంకా నడుస్తోంది. అప్పుడు లీవ్ అక్కర్లేదు. ఇంప్లీడ్ పిటిషన్ వేసి కేసులో చేరి, ఉత్తర్వు ఎత్తేయమని వెకేట్ పిటిషన్ వేయాలి. అవతలి పక్షం మాట వినకుండా ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వును ఎత్తేయమని అడిగితే రెండు వారాల్లో తేల్చాలని రాజ్యాంగం 226వ అధికరణం మూడో క్లాజులోనే ఉంది. చాలామంది టీచర్లకు ఈ సంగతి తెలియక కేసు ముగిసేదాకా ఆగుతారు.

ఇక లీవ్ సంగతి. సింగిల్ జడ్జి 226 కింద ఇచ్చిన తీర్పు మీద ఇద్దరు జడ్జీల బెంచికి రిట్ అప్పీలు వెళ్ళేది లెటర్స్ పేటెంట్ (హైకోర్టుకు అధికారాలిచ్చిన పాత శాసనపత్రం) పదిహేనో క్లాజు కింద. 1865లో మద్రాసు హైకోర్టుకు ఇచ్చిన పేటెంటే మన హైకోర్టుకూ వారసత్వంగా వచ్చింది. ఆ క్లాజులో గానీ సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో గానీ కేసులో లేని మూడో మనిషి అప్పీలు వేయొచ్చని రాసి లేదు, వేయకూడదనీ రాసి లేదు. ఆ ఖాళీని కోర్టులే నింపాయి. ఇంగ్లండులో 1894లోనే జస్టిస్ లిండ్లే ఈ సూత్రం చెప్పారు. మన సుప్రీంకోర్టు 1970లో జతన్ కన్వర్ గోల్చా కేసులో అదే ఖాయం చేసింది: కేసులో పార్టీ కాని వ్యక్తి కూడా పై కోర్టు అనుమతితో అప్పీలు వేయవచ్చు, తీర్పు వల్ల అతనికి నష్టం జరిగేట్టుంటే ఆ అనుమతి ఇవ్వాలి.

ఒకప్పుడు సర్వీసు కేసులు రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్లో నడిచేవి. దాని ఉత్తర్వు నచ్చకపోతే డివిజన్ బెంచి ముందు రిట్ వేసేవాళ్ళు. ట్రిబ్యునల్ రద్దయ్యాక అన్నీ నేరుగా హైకోర్టు సింగిల్ జడ్జి దగ్గరికే వస్తున్నాయి. అందుకే టీచర్లకు, ఉద్యోగులకు ఈ లీవ్ పిటిషన్ అవసరం ఇప్పుడు బాగా పెరిగింది.

ఇక్కడే అందరూ తడబడతారు. లీవ్ పిటిషన్ అఫిడవిట్‌లో కేసు మొత్తం వాదిస్తారు. నిబంధనలు, జీవోలు, పాత తీర్పులు, ముప్పై పేజీలు. ఆ దశలో బెంచి చూసేది రెండే విషయాలు. ఈ తీర్పు వల్ల మీ హక్కుకు దెబ్బ తగిలిందా? ఆ దెబ్బ మీ మాట వినకుండా తగిలిందా? తీర్పు తప్పా ఒప్పా అన్నది లీవ్ వచ్చాక అప్పీలు గ్రౌండ్స్‌లో చెప్పుకునే మాట. లీవ్ అఫిడవిట్ ఆరేడు పేజీలు మించితే నాకైతే అనుమానమే, జడ్జిగారు వెతుక్కోవాల్సిన పేరా ఎక్కడో మధ్యలో కూరుకుపోతుంది.

మొదటి విషయం, హక్కుకు దెబ్బ. దీన్ని ఎలా రాస్తారన్న దాని మీదే సగం ఫలితం ఆధారపడుతుంది. ‘ఈ తీర్పు వల్ల నా ప్రమోషన్ అవకాశాలు తగ్గాయి’ అని రాయకండి. నిండా ముంచే వాక్యం అది. ప్రమోషన్ అవకాశం అనేది సర్వీసు షరతు కాదని సుప్రీంకోర్టు ఎప్పటినుంచో చెబుతోంది. మన రాష్ట్రం ఇంజనీర్ల విలీనం గొడవలోనే, మహమ్మద్ షుజాత్ అలీ కేసులో, ఈ మాట గట్టిగా చెప్పింది. అవతలి లాయరు ఆ తీర్పు చేతిలో పట్టుకుని లేస్తారు. అదే ‘అర్హత ఉన్న నన్ను ప్రమోషన్‌కు పరిశీలించే హక్కు ఈ తీర్పు వల్ల పోతోంది’ అని రాస్తే కథ మారిపోతుంది. పరిశీలించబడే హక్కు 16వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని 1999లో రెండో అజిత్ సింగ్ తీర్పులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. రెండు వాక్యాలూ ఒకేలా కనిపిస్తాయి గానీ కోర్టులో ఒకటి మిమ్మల్ని బయట నిలబెడుతుంది, ఇంకొకటి లోపలికి పిలుస్తుంది.

దాన్ని కాగితం మీద చూపించాలి. అఫిడవిట్‌లో ఒక పేరా ఇలా ఉండాలి: ‘పాత జాబితాలో నా క్రమసంఖ్య 38. రిట్ తీర్పును అమలు చేస్తూ విడుదల చేసిన తాత్కాలిక జాబితాలో నా క్రమసంఖ్య 97. ఇప్పుడున్న ఖాళీలు ఇన్ని. పాత క్రమం ప్రకారం నేను ఈ ప్యానెల్లో పరిశీలన పరిధిలోకి వస్తాను, కొత్త క్రమం ప్రకారం రాను.’ దాని కింద రెండు జాబితాల సంబంధిత పేజీలు, ఖాళీల సర్క్యులర్ మెటీరియల్ పేపర్లలో (పిటిషన్‌తో జతచేసే కాగితాల కట్టలో) పెట్టి, మీ పేరున్న గీతను పసుపు రంగుతో గుర్తు పెట్టండి. ఈ ఒక్క పేజీ చూసి బెంచి లీవ్ ఇచ్చిన సందర్భాలు నేను చూశాను. ఖాళీల సంఖ్య తప్పనిసరిగా పెట్టండి. పాత నంబరుతోనైనా కొత్త నంబరుతోనైనా ఈ విడతలో మీకు ప్రమోషన్ వచ్చేదే కాకపోతే, లేదా రెండు నంబర్లతోనూ వచ్చేస్తే, నష్టం దూరపుదంటారు. పాతికేళ్ళ తర్వాత ఏదో కావచ్చనే భయానికి లీవ్ ఇవ్వరు.

రెండో విషయం, మీ మాట వినలేదన్నది. రిట్ పిటిషన్ మొదటి పేజీలో ప్రతివాదుల జాబితా ఉంటుంది. ప్రిన్సిపల్ సెక్రటరీ, కమిషనర్, ఆ కింద అధికారులు, అంతే. మీరు లేరు, మీలాంటి ఇంకెవరూ లేరు. ఇక్కడ మీకు దన్నుగా నిలిచే తీర్పు 1984 నాటి ప్రబోధ్ వర్మ కేసు. అదీ టీచర్ల కేసే, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చింది. తీర్పు వల్ల బాగా దెబ్బతినేవాళ్ళు ప్రతివాదులుగా లేకుండా, వాళ్ళు మరీ ఎక్కువమంది అయితే కనీసం కొందరినైనా ప్రతినిధులుగా పెట్టకుండా హైకోర్టు రిట్ తేల్చకూడదని అందులో ఉంది.

అవతలివాళ్ళ దగ్గరా ఒక మంచి తీర్పు ఉంది, అది ముందే తెలుసుకుని వెళ్ళండి. 1983లో ఎ. జనార్దన కేసులో, ఫలానా వ్యక్తి మీద కాకుండా సీనియారిటీ లెక్కించే సూత్రం మీదే దావా అయితే జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరినీ పార్టీ చేయకపోయినా కేసు చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. వాళ్ళు ఇదే చూపిస్తారు. దానికి జవాబు: మీరు ‘రిట్ చెల్లదు’ అని లీవ్ దశలో అడగడం లేదు, ‘నన్నూ వినండి’ అని అడుగుతున్నారు. పైగా మీ కేసులో వాళ్ళు ప్రశ్నించింది సూత్రాన్ని కాదు, ఉన్న నిబంధన తమకు వర్తించదన్నారు. పేర్లు పెట్టి తమ నంబర్లు పైకి జరపమన్నారు. ఇది మీ రిట్ కాపీలో ప్రార్థన పేరా చూసి సరిచూసుకోండి.

‘శాఖ కౌంటర్ వేసింది కదా, మీ తరఫున వాళ్ళే వాదించినట్టు’ అని కూడా అంటారు. ఆ కౌంటర్, అంటే రిట్‌కు శాఖ ఇచ్చిన రాతపూర్వక జవాబు, సంపాదించండి, సమాచార హక్కు కింద అడిగితే శాఖ దగ్గర దొరుకుతుంది. అసలు విషయం అందులో ఉందో లేదో చూడండి. సొంత కోరిక మీద వచ్చినవారికి కొత్త యూనిట్లో చేరిన తేదీ నుంచే సీనియారిటీ అని 1996 రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో 35వ రూలు స్పష్టంగా చెబుతుంది. పరిపాలనా కారణాల మీద బదిలీ చేస్తే మాత్రం మొదటి నియామకం తేదీ లెక్క. కౌంటర్లో ఈ రూలు ఊసే లేకపోతే, లేదా బదిలీ ఉత్తర్వుల కాపీలు జతచేయకపోతే, అది మీ లీవ్ అఫిడవిట్‌లో రాయాల్సిన ముఖ్యమైన వాక్యం. సెక్షన్లో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, ఒక్కో టేబుల్ మీద గుట్టలుగా కేసులుంటాయి, ఎవరి సీనియారిటీ మారినా శాఖకు జీతం ఖర్చు మారదు. మీ నంబరు కోసం శాఖ పోరాడుతుందని ఆశ పెట్టుకోకండి. ఇదే విషయం అఫిడవిట్‌లో మర్యాదగా, ‘ఈ వివాదం ఉద్యోగుల మధ్యది, ప్రభుత్వానికి ఇందులో స్వప్రయోజనం లేదు’ అని రాస్తే సరిపోతుంది.

ఒకవేళ శాఖే అప్పీలు వేసి ఉంటే మీరు విడిగా లీవ్ అడగకుండా అందులో ఇంప్లీడ్ కావచ్చు, ఖర్చు తక్కువ. కానీ శాఖ తర్వాత దాన్ని ఉపసంహరించుకుంటే మీరు గాలిలో ఉంటారు. ప్రమోషన్ దగ్గరగా ఉంటే మీ సొంత అప్పీలే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆలస్యం. లిమిటేషన్ చట్టం 117వ ఆర్టికల్ ప్రకారం రిట్ అప్పీలుకు గడువు 30 రోజులు, సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు తీసేసి. మీరు పార్టీ కాకపోయినా గడువు తీర్పు తేదీ నుంచే నడుస్తుందన్న లెక్కతోనే సిద్ధపడండి. మీకు ఎప్పుడు తెలిసిందన్నది ఆలస్యాన్ని క్షమించమని అడగడానికి కారణం. అది విడి పిటిషన్, విడి అఫిడవిట్. జాబితా ఏ తేదీన, ఎక్కడ చూశారు, ఆ మర్నాడు ఏం చేశారు, సర్టిఫైడ్ కాపీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, లాయర్ని ఎప్పుడు కలిశారు, వరసగా తేదీలతో రాయండి. నిజమే రాయండి. ‘నాకు నిన్నటిదాకా ఏమీ తెలియదు’ అని రాసి, తీర్పు కాపీ రెండు నెలల క్రితమే మీ సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చినట్టు, దాని కింద మీరే స్పందించినట్టు అవతలివాళ్ళు స్క్రీన్‌షాట్ పెడితే, ఆలస్యం పిటిషనే కాదు, మీ మాట మొత్తం పోతుంది. తీర్పు సంగతి ముందే విన్నా మీ నంబరు మారుతుందని తెలిసింది జాబితాతోనే అయితే, ఉన్నది ఉన్నట్టు అదే రాయండి. అది చాలా బలమైన కారణమే.

సర్టిఫైడ్ కాపీ కోసం కూర్చోకండి. మూడో వ్యక్తిగా కాపీ తీసుకోవడానికి విడిగా దరఖాస్తు పెట్టాలి, టైం పడుతుంది. వెబ్‌సైట్ కాపీతోనే ఫైల్ చేసి, సర్టిఫైడ్ కాపీ దాఖలు నుంచి మినహాయింపు కోరుతూ డిస్పెన్స్ పిటిషన్ జతచేయడం అక్కడ మామూలే.

అలా మీ కట్టలో అప్పీలు, లీవ్ పిటిషన్, ఆలస్యం పిటిషన్, డిస్పెన్స్ పిటిషన్, తీర్పు అమలు ఆపమని స్టే పిటిషన్ ఉంటాయి. లీవ్, ఆలస్యం తేలేదాకా అప్పీలుకు అసలు నంబరు పడదు, ఎస్ఆర్ నంబరు, అంటే తాత్కాలిక దాఖలు నంబరు, మీదే ఉంటుంది. కేసు స్టేటస్‌లో ఎస్ఆర్ అని చూసి కంగారుపడకండి.

స్టే గురించి ఒక మాట. రిట్ గెలిచినవాళ్ళు శాఖ మీద ధిక్కార కేసు వేస్తామని నోటీసు ఇచ్చే ఉంటారు. ధిక్కారం అనేసరికి అధికారులు రాత్రికి రాత్రి జాబితా ఖరారు చేసి ప్రమోషన్ కౌన్సెలింగ్ పెట్టేస్తారు. వాళ్ళు హెడ్మాస్టర్లుగా చేరిపోయాక మీరు లీవ్ అడగడం ఇల్లు కాలాక బావి తవ్వడమే. పూర్తి స్టే దొరకడం కష్టం, కాబట్టి స్టే పిటిషన్‌లో రెండో కోరిక కూడా రాయించండి: ‘ప్రమోషన్లు ఇచ్చినా ఈ అప్పీలు తుది తీర్పుకు లోబడి ఉండాలి, అది ప్రమోషన్ ఉత్తర్వుల్లోనే రాయాలి.’ బెంచి చాలాసార్లు ఇదే ఇస్తుంది, దాంతో మీ హక్కు బతికి ఉంటుంది. కౌన్సెలింగ్ తేదీ వచ్చేస్తే లాయరుగారు లంచ్ మోషన్, అంటే ఆ రోజు మధ్యాహ్నమే అత్యవసరంగా వినమనే విన్నపం, అడగాలి.

లీవ్ ఇవ్వకపోతే? కొన్నిసార్లు ‘సింగిల్ జడ్జి దగ్గరే రివ్యూ వేసుకోండి’ అని పంపుతారు. అదీ దారే. అవసరమైన పార్టీని వినకుండా ఇచ్చిన తీర్పును హైకోర్టు తానే తిరగదోడవచ్చని సుప్రీంకోర్టులో శివదేవ్ సింగ్ కేసులో తేలింది. అలా పంపితే ఆ స్వేచ్ఛ ఉత్తర్వులో రాయమని అక్కడికక్కడే అడగాలి, లేకపోతే రివ్యూలో మళ్ళీ గడువు గొడవ వస్తుంది. అదీ కాకపోతే సుప్రీంకోర్టు, 136వ అధికరణం కింద స్పెషల్ లీవ్ పిటిషన్, 90 రోజుల గడువు. పార్టీ కానివాళ్ళు అక్కడ పిటిషన్ వేయడానికి కూడా విడిగా అనుమతి అడగాలి. ఢిల్లీ ఖర్చు మామూలు టీచరు ఒక్కడు మోయలేనిది, కాబట్టి హైకోర్టులోనే గట్టిగా కట్టడం మీద దృష్టి పెట్టండి.

మీతోపాటు దెబ్బతిన్నవాళ్ళు చాలామంది ఉంటారు. అందరూ కలిసి పేర్లు రాయించుకుంటే బలం అనుకుంటారు. నా సలహా వేరు. ఈ విడత ఖాళీల్లో నిజంగా ప్రమోషన్ పోతున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు చాలు. నష్టం దూరంగా ఉన్న నలభై మంది చేరితే అవతలి లాయరు ఆ నలభై మందినే పట్టుకుని అందరినీ బయటికి లాగుతారు. మిగతావాళ్ళు ఖర్చు పంచుకోవచ్చు. హెడ్మాస్టర్ ప్యానెల్ జోన్ (కొన్ని జిల్లాలు కలిపిన యూనిట్) మొత్తానికి ఒకటే. జోన్లోని మిగతా జిల్లాల్లో మీలాంటి స్థితిలో ఉన్నవాళ్ళు ఇప్పటికే లీవ్ పిటిషన్ వేశారేమో కనుక్కోండి. వేసి ఉంటే మీదీ దానితో కలిపి లిస్టు చేయించడం సులువు.

అవతలి టీచర్ల మీద కోపం పెట్టుకోకండి. వాళ్ళలో ఎక్కువమంది భార్యాభర్తలు వేర్వేరు జిల్లాల్లో ఉండి, పిల్లల కోసమో ముసలి తల్లిదండ్రుల కోసమో బదిలీ తీసుకున్నవాళ్ళే. రూలు ఏం చెబుతుందో అంతవరకే వాదించండి. అఫిడవిట్‌లో వాళ్ళ గురించి ఒక్క కటువైన మాట ఉన్నా బెంచికి నచ్చదు, రేపు అదే స్టాఫ్‌రూములో కలిసి కూర్చోవాల్సినవాళ్ళు మీరు.

ఈ వారంలోనే తాత్కాలిక జాబితా మీద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. 35వ రూలు ప్రస్తావించి, మిమ్మల్ని పార్టీ చేయలేదని చెప్పి, స్పీకింగ్ ఆర్డర్ (కారణాలు రాసిన ఉత్తర్వు) కోరండి. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే విసుక్కుంటారు, అయినా వేయించుకునే కదలండి. లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాపీ, రెండు జాబితాలు, మీ నియామకపు ఉత్తర్వు, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీల జిరాక్సు, రిట్ తీర్పు, దొరికితే శాఖ కౌంటర్ పట్టుకెళ్ళండి. సర్వీసు కేసులే చేసేవారిని ఎంచుకోండి, భూమి కేసుల్లో ఎంత పేరున్నవారైనా ఈ పనికి పనికిరారు. డ్రాఫ్ట్ వచ్చాక సంతకం పెట్టే ముందు ఖాళీల సంఖ్య, క్రమసంఖ్యలు, తేదీలు మీరే ఒక్కొక్కటీ జాబితాతో సరిచూడండి, టైపింగులో ఎక్కువగా తప్పులు పడేవి అవే.